కీబోర్డు అక్షరాల వరుస వెనుక కారణం, ఆ కారణం పట్టుకుని తెలుగు టైపింగు నేర్చుకునే పద్ధతి

ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ రిజిస్ట్రారు కార్యాలయం చుట్టుపక్కల దస్తావేజులు రాసే దుకాణాలను గమనిస్తే, తెలుగు టైపు చేసేవారు రెండు రకాలుగా కనిపిస్తారు. మొదటి రకం వారు ప్రతి తెలుగు మాటనూ మనసులోనే ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చుకుని, ఆ అక్షరాలను కొట్టి, తెరమీద కనిపించే నాలుగైదు మాటల్లో తమకు కావలసినదాన్ని ఎంచుకుంటారు. రెండో రకం వారి కళ్ళు పక్కనున్న పాత దస్తావేజు మీదే ఉంటాయి. చెక్కుబంది, అంటే భూమి హద్దుల వివరాలు చదువుకుంటూ పోతుంటే వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. మొదటి రకం వారు రెండో రకంలోకి ఎలా మారవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డును నేర్చుకోవాలంటే ఏ అక్షరం ఎక్కడుందో కంఠస్థం చేయనక్కరలేదు. అది అక్కడే ఎందుకుందో తెలిస్తే సగం కీబోర్డు దానంతటదే గుర్తుంటుంది. అందుకు ముందు ఇంగ్లీషు అక్షరాల వరుస సంగతి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామందికి అడ్డుపడేది ఆ వరుస మీద ఉన్న అలవాటే.

ఇంగ్లీషు వరుస ఎక్కడి నుంచి వచ్చింది

మన కీబోర్డు మీద పై వరుసలో క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అని మొదలయ్యే అమరిక అమెరికాలోని మిల్వాకీ నగరంలో పుట్టింది. అక్కడ ముద్రణ, పత్రికా రంగాల్లో పనిచేసిన క్రిస్టఫర్ లేథమ్ షోల్స్ తన మిత్రులతో కలిసి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందాడు. తొలి నమూనాల మీటలు పియానో మెట్లలా ఉండేవి, అక్షరాలు దాదాపు అకారాది క్రమంలో ఉండేవి. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు అక్షరాలను ఇటూ అటూ మారుస్తూ వచ్చి, 1873లో తుపాకులు, కుట్టుమిషన్లు తయారుచేసే రెమింగ్టన్ సంస్థకు తయారీ హక్కులు ఇచ్చారు. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నమూనాలో షిఫ్టు మీట చేరి, ఒకే మీట మీద పెద్ద అక్షరం, చిన్న అక్షరం రెండూ ఉండే ఏర్పాటు కుదిరింది. షిఫ్టు సంగతి గుర్తుంచుకోండి, తెలుగు కీబోర్డులో సగం పని దానితోనే జరుగుతుంది.

వేగంగా కొట్టేవారి వేగం తగ్గించడానికే అక్షరాలను చెల్లాచెదరు చేశారనే మాట తరచు వినిపిస్తుంది. పక్కపక్కనున్న అచ్చుకడ్డీలు వెంటవెంటనే లేచినప్పుడు ఒకదానికొకటి చిక్కుకునేవన్నది నిజమే. వాటిని తప్పించడానికే వరుస మార్చారని చెప్పేవారు చాలామంది ఉన్నారు. అయితే ఇంగ్లీషులో తరచు కలిసి వచ్చే ఇ, ఆర్ అక్షరాలు పక్కపక్కనే ఉండటం ఈ వాదానికి సరిపోదు. 2011లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో వాదం ముందుకు తెచ్చారు. తొలి టైపు మిషన్లను ఎక్కువగా వాడింది తంతి కార్యాలయాల వారనీ, మోర్స్ సంకేతాలు వింటూ టైపు చేసేవారి అవసరాలను బట్టి వరుస మారుతూ వచ్చిందనీ వారు చూపారు. ఈ రెంటిలో ఏది ఎంతవరకు నిజమైనా, మధ్య వరుసను ఒకసారి చూస్తే పాత అకారాది క్రమం ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి: డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. మధ్యలో ఇ, ఐ మాత్రమే పై వరుసకు ఎగిరిపోయాయి.

1936లో ఆగస్ట్ డ్వొరాక్ అనే ఆచార్యుడు అచ్చులన్నీ ఎడమ చేతి కిందికీ, ఎక్కువగా వాడే హల్లులు కుడి చేతి కిందికీ వచ్చేలా మరో వరుసకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటికే దేశమంతా పాత వరుసకు అలవాటుపడటంతో అది నిలబడలేదు. కానీ ఒక చేతికి అచ్చులు, మరో చేతికి హల్లులు అన్న ఆ సూత్రాన్ని మరిచిపోవద్దు. మన భాషలకు చేసిన కీబోర్డులో అదే సూత్రం మరింత అందంగా అమరింది.

మొత్తం మీద ఇంగ్లీషు వరుసకు పాత యంత్రపు అవసరాలే కారణం తప్ప భాషతో సంబంధం తక్కువ. అటువంటి వరుస మీద తెలుగును ఇంగ్లీషు ఉచ్చారణ ఆధారంగా పరచుకోవడం అప్పుడప్పుడు నాలుగు ముక్కలు రాసుకునేవారికి సరిపోతుంది. వారిని ఆ అలవాటు మానుకోమని నేను చెప్పను. రోజూ పేజీలకు పేజీలు కొట్టవలసిన గ్రామ సచివాలయ ఉద్యోగులు, కోర్టు నకళ్ళు తయారుచేసేవారు, దస్తావేజు లేఖరులు, పెళ్ళిపత్రికల డీటీపీ పనివారు మాత్రం అక్కడే ఆగిపోతే నష్టపోతారు. పలక అనే మాటకు ఇంగ్లీషు అక్షరాల్లో 6 దెబ్బలు కావాలి, ఇన్‌స్క్రిప్ట్‌లో 3 చాలు. హల్లులో తలకట్టు ఎటూ ఇమిడే ఉంటుంది కాబట్టి దానికి వేరే మీట అక్కరలేదు.

కీబోర్డును సిద్ధం చేసుకోవడం

ఇన్‌స్క్రిప్ట్ వెనుక ప్రభుత్వ ప్రమాణం ఉంది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఒక కీబోర్డు అమరికను ప్రకటించింది. కొన్ని మార్పుల తర్వాత అది 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో చేరింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణమాల ఒకే పద్ధతిలో నడుస్తుంది గనుక, ఒక మీట మీద తెలుగులో క ఉంటే కన్నడంలోనూ, తమిళంలోనూ, హిందీలోనూ అదే మీట మీద ఆ భాషల క ఉంటుంది. చెన్నపట్నంతో వ్యాపారం, చదువుల సంబంధాలున్న నెల్లూరు వారికి ఇది అదనపు లాభమే: తెలుగు నేర్చిన వేళ్ళతోనే తమిళమూ కొట్టవచ్చు.

విండోస్ కంప్యూటరులో సెట్టింగ్స్ తెరిచి, టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగంలో తెలుగు భాషను చేర్చుకోవాలి. తర్వాత ఆ భాష ఎంపికల్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును తీసుకోవాలి. పక్కన ఫొనెటిక్ అని, ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి కొట్టేది మరొకటి కనిపిస్తే అది మనకు కావలసింది కాదు. ఏది వచ్చిందో అనుమానంగా ఉంటే హెచ్ మీట కొట్టి చూడండి: ప వస్తే మీరు సరైన చోటనే ఉన్నారు, హ వస్తే ఫొనెటిక్‌లో ఉన్నారు. విండోస్ మీటనూ స్పేస్ బారునూ కలిపి నొక్కితే ఇంగ్లీషు, తెలుగుల మధ్య మారవచ్చు. విండోస్, కంట్రోల్, ఓ మీటలు మూడూ కలిపి నొక్కితే తెరమీద కీబోర్డు బొమ్మ వస్తుంది. అందులో షిఫ్టు నొక్కితే పై అక్షరాలు కనిపిస్తాయి కనుక తొలి రోజుల్లో అదే మీకు పటం. ఉబుంటులోనూ సెట్టింగుల్లోని కీబోర్డు విభాగంలో తెలుగును ఇన్‌పుట్‌గా చేర్చుకుంటే ఇదే అమరిక వస్తుంది.

మీటల మీద అంటించుకునే తెలుగు స్టిక్కర్లు దుకాణాల్లో దొరికినా కొనవద్దనే నా సలహా. అక్షరం మీట మీదే కనిపిస్తుంటే కళ్ళు కిందికి పోతూనే ఉంటాయి, వేళ్ళకు దారి ఎప్పటికీ తెలియదు. పటాన్ని కాగితం మీద అచ్చువేసి తెర పక్కన అంటించుకోండి. చూడవలసి వస్తే తల ఎత్తి చూడాలి.

పాత పాఠంతోనే మొదలుపెట్టండి

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరినవారికి మొదటి రోజు చెప్పే పాఠం ఇప్పటికీ మారలేదు: ఎడమ చేత్తో ఎ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్, కుడి చేత్తో సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె. ఎఫ్, జె మీటల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎడమ చూపుడు వేలు ఎఫ్ మీద, కుడి చూపుడు వేలు జె మీద ఆనించి, మిగిలిన వేళ్ళను వరుసగా పక్కనున్న మీటల మీద పరచాలి. ఇప్పుడు తెలుగు కీబోర్డులోకి మారి అదే పాఠాన్ని కొట్టి చూడండి. కుడి చేతి నుంచి "చతకరపర" అని వస్తుంది. ఎడమ చేతి నుంచి మాత్రం ఒక్క పూర్తి అక్షరమైనా రాదు. ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము, మళ్ళీ గుడి అంటూ గుర్తులే వరుస కడతాయి.

కీబోర్డు నిర్మాణమంతా ఈ ఒక్క పాఠంలోనే కనిపిస్తుంది. అచ్చుల సంబంధమైనవి ఎడమ చేతికి, హల్లులలో ఎక్కువ భాగం కుడి చేతికి. తెలుగు మాట హల్లు, గుణింతపు గుర్తు, మళ్ళీ హల్లు, మళ్ళీ గుర్తు అన్నట్టు సాగుతుంది కనుక రెండు చేతులూ వంతులవారీగా పనిచేస్తాయి. కోడిగుడ్డు అనే మాట కొట్టండి: క, ఓత్వం, డ, గుడి, గ, కొమ్ము, డ, పొల్లు, డ, కొమ్ము. పది దెబ్బల్లో కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ ఒక్కసారి కూడా లయ తప్పదు. అయితే మ, న, వ మాత్రం కింది వరుసలో ఎడమ చేతి వైపున, సి, వి, బి మీటల మీద ఉన్నాయి. అందువల్ల వేమన పేరు మొత్తం ఎడమ చేత్తోనే కొట్టవలసి వస్తుంది.

అచ్చులు: ఒక మెట్టు పైకెక్కితే దీర్ఘం

ఎడమ చేతిలో ప్రతి మీట మీదా ఒకే అచ్చుకు రెండు రూపాలుంటాయి. షిఫ్టు లేకుండా కొడితే గుణింతపు గుర్తు, షిఫ్టుతో కొడితే పూర్తి అచ్చు. ఎఫ్ మీట మీద గుడి, షిఫ్టుతో ఇ. జి మీట మీద కొమ్ము, షిఫ్టుతో ఉ. డి మీట మీద పొల్లు, షిఫ్టుతో అ. తలకట్టుకు గుర్తు అవసరం లేనందువల్ల ఖాళీ అయిన చోటును తలకట్టును తీసివేసే పొల్లుకు ఇవ్వడం చక్కని ఆలోచన.

ఇప్పుడు వేలు మార్చకుండా పై వరుసకు వెళ్ళండి. డి మీద అ ఉంటే దానిపైన, డబ్ల్యూకూ ఆర్‌కూ నడుమనున్న మీట మీద ఆ ఉంటుంది. ఎఫ్ మీద ఇ, దానిపైన ఆర్ మీద ఈ. జి మీద ఉ, దానిపైన టి మీద ఊ. ఎస్ మీద ఏ, దానిపైన డబ్ల్యూ మీద ఐ. ఎ మీద ఓ, దానిపైన క్యూ మీద ఔ. బడిలో చదివిన సంధులు గుర్తుంటే ఇక్కడ ఆనందం కలుగుతుంది. అకారానికి అకారం కలిస్తే ఆ, ఇకారానికి ఇకారం కలిస్తే ఈ వచ్చే సవర్ణదీర్ఘం, ఏక ఏక కలిసి ఏకైక అయ్యే వృద్ధి, రెంటిలోనూ ఫలితం కోసం అదే వేలును ఒక వరుస పైకి జరపాలి.

హల్లులు: పరుషాల మీద సరళాలు

కుడి చేతి అమరిక ఇంకా పొందికైనది. మధ్య వరుసలో హెచ్ మీద ప, కె మీద క, ఎల్ మీద త, సెమికోలన్ మీద చ, దాని పక్క కొటేషన్ గుర్తు మీట మీద ట ఉంటాయి. అంటే క, చ, ట, త, ప అనే పరుషాలు ఐదూ వేళ్ళు విశ్రాంతిగా ఉండే వరుసలోనే ఉన్నాయి. వాటి పై వరుసలో వై మీద బ, ఐ మీద గ, ఓ మీద ద, పి మీద జ, చదరపు బ్రాకెట్టు తెరిచే మీట మీద డ. సరళాలు ఐదూ సరిగ్గా తమ తమ పరుషాల నెత్తిన కూర్చున్నాయి. క కొట్టే మధ్య వేలు ఒక వరుస పైకి పోతే గ వస్తుంది. త కొట్టే ఉంగరపు వేలు పైకి పోతే ద. చ, ట కొట్టే చిటికెన వేలు పైకి పోతే జ, డ. ప కొట్టే చూపుడు వేలు పైకి పోతే బ.

సరళాదేశ సంధిలో పూచెను, కలువలు కలిసి పూచెఁ గలువలు అయినప్పుడు జరిగేదీ ఇదే. కీబోర్డు రూపకర్తలు తెలుగు వ్యాకరణం ముందు పెట్టుకుని కూర్చున్నారని కాదు. వారు వర్ణాలను నోటిలో పుట్టే చోటును బట్టి, నాదాన్ని బట్టి జతకట్టారు, సంధులూ ఆ జతలనే అనుసరిస్తాయి. కారణం ఏదైనా, తెలుగు చదువుకున్నవారికి ఇంతకంటే సులువైన గుర్తు మరొకటి దొరకదు. పది మీటలు నేర్చుకోవడానికి ఐదు నేర్చుకుంటే చాలు.

ఒత్తులు పలికే అక్షరాలకు అసలు నేర్చుకోవలసినదే లేదు. ప్రతి మీట మీదా అల్పప్రాణం కింద, మహాప్రాణం షిఫ్టుతో. క మీట మీద ఖ, గ మీద ఘ, చ మీద ఛ, జ మీద ఝ, ట మీద ఠ, డ మీద ఢ, త మీద థ, ద మీద ధ, ప మీద ఫ, బ మీద భ. కుడి చేతి అక్షరానికి ఎడమ చేతి వైపు షిఫ్టు, ఎడమ చేతి అక్షరానికి కుడి వైపు షిఫ్టు నొక్కే అలవాటు మొదటి రోజే చేసుకోవాలి. ఒకే చేత్తో షిఫ్టునూ అక్షరాన్నీ పట్టుకునేవారికి వేగం రాదు, పైగా మణికట్టు నొప్పి పుడుతుంది.

ఇక్కడ ఇంగ్లీషు అలవాటు ఎంత అడ్డుపడుతుందో కూడా గమనించాలి. ఇంగ్లీషు అక్షరం పేరుకూ తెలుగు అక్షరానికీ పొత్తు కుదిరేది కె మీట మీద క విషయంలో ఒక్కచోటే. అది కూడా యాదృచ్ఛికం. దాన్ని చూసి ఎల్ మీద ల, ఎమ్ మీద మ ఉంటాయనుకుంటే త, స వస్తాయి. మీటల మీది ఇంగ్లీషు అక్షరాలను మీట చిరునామాగా మాత్రమే వాడుకోవాలి. వాటి ఉచ్చారణను మనసులోకి రానివ్వకూడదు.

మిగిలినవి కొంత బట్టీ పట్టక తప్పదు. జె మీద ర, షిఫ్టుతో బండి ఱ. ఎన్ మీద ల, షిఫ్టుతో ళ. సి మీద మ, షిఫ్టుతో ణ. ఎమ్ మీద స, షిఫ్టుతో శ; దాని పక్కన కామా మీట మీద షిఫ్టుతో ష. చివర స్లాష్ మీద య. యు మీద హ. ఎక్స్ మీద సున్న, షిఫ్టుతో అరసున్న. సమానం గుర్తు మీట మీద వట్రసుడి, షిఫ్టుతో ఋ. అడ్డగీత మీట మీద షిఫ్టుతో విసర్గ. అనునాసికాలలో ఙ, ఞ కూడా ఉన్నాయిగానీ వాటి అవసరం ఏడాదికొకసారి కూడా రాకపోవచ్చు. క్ష, త్ర, జ్ఞ, శ్ర వంటివి అంకెల వరుసలో షిఫ్టుతో ఒకే దెబ్బకు దొరుకుతాయి. వాటిని నేర్చుకోకపోయినా పొల్లుతో కలిపి కొట్టుకోవచ్చు.

పొల్లు, వత్తు

కొత్తవారు అందరికంటే ఎక్కువగా తడబడేది వత్తుల దగ్గర. చేతిరాతలో వత్తును అక్షరం కింద రాస్తాం కనుక దానికి వేరే మీట ఎక్కడుందని వెతుకుతారు. కీబోర్డు మీద వత్తులు లేవు. మొదటి హల్లు, పొల్లు, రెండో హల్లు కొడితే కంప్యూటరే రెండోదాన్ని వత్తుగా మార్చి కిందికి దించుతుంది. అమ్మకు అ, మ, పొల్లు, మ. స్త్రీకి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నోటితో పలికే క్రమంలో కొట్టడమే సూత్రం. కంటికి కనిపించే ఆకారాన్ని పట్టించుకోనక్కరలేదు.

కంప్యూటరు లోపల కూడా అక్షరాలు ఈ క్రమంలోనే ఉంటాయి. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 స్థానాలున్నాయి. కి అన్నది మనకు ఒక్క అక్షరమైనా అక్కడ క, గుడి అనే రెండు. అందుకే కి తర్వాత బ్యాక్‌స్పేస్ కొడితే సాధారణంగా గుడి మాత్రమే పోయి క మిగులుతుంది. గుడి బదులు కొమ్ము పడితే అక్షరమంతా మళ్ళీ కొట్టకుండా గుర్తును మాత్రం మార్చుకోవచ్చు.

ఎ, ఒ: మూలకు పడిన అచ్చులు

ఈ అమరికలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. హ్రస్వమైన ఎ, ఒ సంస్కృతంలో లేవు, హిందీ వర్ణమాలలోనూ లేవు. ద్రావిడ భాషలకు అవి ప్రాణం. ఉమ్మడి కీబోర్డులో వాటికి మంచి చోటు దక్కలేదు. ఎత్వం జెడ్ మీట మీద పడింది, ఒత్వమైతే ఎస్కేప్ కింద, 1 అంకెకు ఎడమన ఉన్న మూల మీట మీదకు పోయింది. చెప్పు, వెళ్ళు, కొను, పొలం, పెన్న, రొయ్య అంటూ రోజంతా ఈ రెంటితోనే పని ఉండే మనకు ఎడమ చిటికెన వేలు అలసిపోతుంది. విచిత్రం ఏమిటంటే మన రెండు జిల్లా కేంద్రాల పేర్లూ ఈ మూలలనే తాకుతాయి. నెల్లూరుకు న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. మీటల లెక్కన వి, జెడ్, ఎన్, డి, ఎన్, టి, జె, జి. ఒంగోలుకు షిఫ్టుతో మూల మీట మీది ఒ, తర్వాత ఎక్స్ మీద సున్న, ఐ మీద గ, ఎ మీద ఓత్వం, ఎన్ మీద ల, జి మీద కొమ్ము. ఈ రెండు పేర్లూ రోజూ కొన్నిసార్లు కొడితే చిటికెన వేలికి కావలసిన వ్యాయామం అయిపోతుంది.

సాధన చేసే క్రమం

మొదట మధ్య వరుస మాత్రమే తీసుకోండి. క, త, చ, ట, ప, రలకు గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం, పొల్లు చేరిస్తే తేరు, కోతి, చిరుత, పోటి, తట్టు వంటి మాటలు ఎన్నో వస్తాయి. ఇవి చూడకుండా వచ్చేదాకా పై వరుసకు పోవద్దు. తర్వాత పై వరుసలో సరళాలనూ దీర్ఘాలనూ ఒకేసారి కలుపుకోండి, రెండు చేతులకూ నియమం ఒకటే కనుక విడివిడిగా నేర్చుకోవలసిన పని లేదు. కింది వరుస చివరికి ఉంచుకోవాలి.

రోజుకు ఒక పూట అరగంట కంటే, ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట మేలు. మొదట్లో వేగాన్ని లెక్కపెట్టవద్దు. తప్పు పడినప్పుడు వెంటనే ఆగి, ఏ వేలు ఏ మీటకు పోవలసిందో మనసులో చెప్పుకుని మాట మొత్తం మళ్ళీ కొట్టాలి. 1888లో సిన్సినాటిలో జరిగిన టైపు పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ మీటలు చూడకుండా కొట్టి గెలిచాకే ఈ పద్ధతికి పేరు వచ్చింది. అతడు మీటల స్థానాలను కంఠస్థం చేసి, ఏ వేలు ఎక్కడికి పోవాలో ముందే నిర్ణయించుకుని సాధన చేశాడు. మనకు కంఠస్థం చేయవలసిన భారం అంతకంటే తక్కువే.

దస్తావేజుల పని నేర్చేవారు నాలుగు దిక్కులతో సాధన చేయడం మంచిది, ఎందుకంటే ప్రతి విక్రయ దస్తావేజులోనూ హద్దుల దగ్గర అవి వచ్చి తీరతాయి. తూర్పులో ర తర్వాత పొల్లు కొట్టి ప కొట్టాలి; తెరమీద ప వత్తుగా మారి ర కిందికి చేరుతుంది. పడమరలో ఒక్క గుర్తు కూడా లేదు, నాలుగూ తలకట్టు అక్షరాలే. ఉత్తరం షిఫ్టుతో మొదలై త, పొల్లు, త, ర, సున్నతో ముగుస్తుంది. దక్షిణం కొంచెం కష్టం: ద, క, పొల్లు, షిఫ్టుతో ష, గుడి, షిఫ్టుతో ణ, సున్న. చెక్కుబందిలో ఎత్వమూ, క వత్తూ, సున్నా మూడూ వస్తాయి. కావలి, కనిగిరి, అద్దంకి, పొదిలి, చీమకుర్తి వంటి ఊళ్ళ పేర్లు వరుసగా కొడుతూ పోతే చాలా మీటలు ఒకసారైనా తగులుతాయి. చివరి పరీక్షగా కృష్ణపట్నం పేరు పెట్టుకోండి. అందులో వట్రసుడి, షకు ణ వత్తు, టకు న వత్తు, సున్న అన్నీ ఉన్నాయి. ఆగకుండా, చూడకుండా ఆ పేరు కొట్టగలిగితే ఉద్యోగ పరీక్షల్లో ఇచ్చే మామూలు వ్యాసాలకు భయపడనక్కరలేదు.

రెండు చిక్కులు

విండోస్‌లో, ఆఫీస్‌కు వంటి మాటలు కొట్టినప్పుడు పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారిపోయి విండోస్లో, ఆఫీస్కు అని పడుతుంది. పొల్లును పొల్లుగానే నిలబెట్టాలంటే ఆ రెండింటి నడుమ కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి. దాని యూనికోడ్ సంఖ్య 200సి. వర్డ్‌లో ఇంగ్లీషు కీబోర్డులోకి మారి ఆ సంఖ్యను కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే సంఖ్య పోయి ఆ అక్షరం వచ్చి కూర్చుంటుంది. అయితే సంఖ్యకు ముందు ఖాళీ ఉంచకుండా మరో ఇంగ్లీషు అక్షరమో అంకెయో ఉంటే అది కూడా సంఖ్యలో కలిసిపోవచ్చు, చూసుకోవాలి. ప్రతిసారీ ఇలా చేయడం విసుగు కనుక, ఒకసారి వచ్చినదాన్ని వర్డ్‌లోని ఆటోకరెక్ట్‌లో ఒక సంకేతానికి జతచేసి దాచుకోవడం మంచిది.

రెండోది పాత ఫైళ్ళది. డీటీపీ దుకాణాల్లో ఏళ్ళ తరబడి ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో కొట్టిన పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, దస్తావేజు నమూనాలు ఉంటాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి, వెతికితే తెలుగు మాట దొరకదు. ఫాంటు పేరు మార్చినంత మాత్రాన అవి యూనికోడ్‌లోకి రావు, మార్పిడి ప్రోగ్రాముతో మార్చుకోవాలి. మార్చిన తర్వాత వత్తులనూ, ర సంయుక్తాలనూ, అంకెలనూ ఒకసారి దగ్గరుండి సరిచూడాలి. ముఖ్యంగా సర్వే నంబర్లు, విస్తీర్ణాలు ఉన్న పత్రాలను మూలంతో పోల్చకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

తిక్కన తిరిగిన గడ్డ కనుక మన వైపు పాత పద్యాలను కంప్యూటరులోకి ఎక్కించే ఉత్సాహవంతులు కూడా తరచు ఎదురవుతుంటారు. వారు వాఁడులో అరసున్నకు ఎక్స్ మీటను, కొఱకులో బండి ఱకు జె మీటను షిఫ్టుతో కొట్టాలి. ఫొనెటిక్ పద్ధతుల్లో ఈ రెండూ ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వస్తుంది; ఇక్కడ సున్న మీద అరసున్న, ర మీద ఱ, ఉండవలసిన చోటనే ఉన్నాయి.